ముసురు దేశములో ఏడు దినములు

వానకాలమున ప్రయాణము మన ఆచారమునకు కొంత విరుద్ధమైనది. ఇల్లు వాకిలి లేని యతులు సైతము ఆషాఢ పూర్ణిమ మొదలుకొని ఒకచోటనే నిలిచి చాతుర్మాస్య వ్రతము పాటింతురు. సేద్యగాడు ఆ దినములలో పొలమునకు పోవునే గాని పొరుగూరికి పోడు. అట్టి ఆషాఢమాసముననే, అరువది యెనిమిదవ యేట, నేను నా భార్యతోను, కుమారుని కుటుంబముతోను కలిసి స్కాట్లండు దేశమున 'హైలాండ్స్' అని పేరుపొందిన ఉన్నత భూములలో, ఒక బండిలో వండుకొనుచు, ఆ బండిలోనే పరుండుచు ఏడు దినములు తిరిగితిని. ఆ యేడు దినములలో ఎండ కాచిన వేళలన్నియు కూడి లెక్కించినను రెండు పూటలకు మించవు.

ఈ సంచికకు ప్రయాణ విశేషములు వ్రాయుమని కోరినప్పుడు కోటలను గూర్చియు, సరస్సులను గూర్చియు వ్రాయబోయి మానితిని. వానిని వర్ణించు పుస్తకములు పెక్కు కలవు. నేను ముప్పది యేండ్లు పిల్లలకు భూగోళము చెప్పినవాడను. ఆ ప్రయాణములో మా పిల్లలు నేర్చినదియు, నేను ఈ వయస్సున క్రొత్తగా నేర్చినదియు వానను గూర్చియే. అక్కడ కంటబడిన వానిలో వాన చేతి పని కానిది దాదాపుగా ఏదియు లేదు. కావున వానను గూర్చియే వ్రాయుచున్నాను.

నా కుమారుడు గ్లాస్గో నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అతనికి తొమ్మిదేండ్ల కుమార్తె, అయిదేండ్ల కుమారుడు. పిల్లలిద్దరును అక్కడనే పుట్టిరి. మేము తెలుగున మాటాడిన అర్థము చేసికొందురు. బదులు మాత్రము ఇంగ్లీషున చెప్పుదురు. ఈ స్థితి మన హోసూరు ఇండ్లలోను లేకపోలేదు. ఇక్కడ బదులు వచ్చు భాష వేరు, అంతియే. కావున దీనిని విస్తరింపను.

బండిని గూర్చి కొంత చెప్పవలెను. దానిని క్యాంపర్ వ్యాను అందురు. వెలుపలికి సామాన్యమైన వ్యాను వలె కనిపించును. లోపల రెండు మంటల గ్యాసు పొయ్యి, చేతులు కడుగు తొట్టి, చిన్న శీతల పెట్టె, భోజనపు బల్ల ఉండును. రాత్రి ఆ బల్లను దించి పరుపు వేసిన అదే మంచమగును. పైకప్పును పైకెత్తిన దాని క్రింద ఇద్దరు పిల్లలు పరుండుటకు అటుక వంటి చోటు ఏర్పడును. ఎత్తిన కప్పునకు చుట్టును గోడలుగా నుండునది గుడ్డ. మంచినీటికి 50 లీటర్ల తొట్టి యొకటి, వాడిన నీరు చేరుటకు మరియొకటి. వాడిన నీటిని దారి ప్రక్కన పారబోయరాదు. అందులకై బండ్లు నిలుచు మైదానములలో ప్రత్యేకముగా కాలువలు ఉండును. నా భార్య ఒక్కసారి చూచి దీనికి 'ఇల్లుబండి' అని పేరు పెట్టెను. నాకు మాత్రము నా చిన్ననాటి గూడుబండి జ్ఞప్తికి వచ్చెను. జాతరకు పోవునప్పుడు పిల్లలము గూటిలోను, పెద్దలు చింతచెట్టు క్రిందను నిద్రించెడివారము. బండి నీడన మూడు రాళ్లు పెట్టి వండెడివారు. ఆ బండికి తెరిచిన వాకిలి ఉండెను. ఈ బండి వాకిలి తెరిచినచో వాన లోనికి వచ్చును. కష్టమంతయు అందుండియే పుట్టినది.

బయలుదేరుటకు ముందు గ్లాస్గోలో నాకును, నా భార్యకును వాన కోట్లు కొనిరి. వాన చొరని గుడ్డను చేసి 1823లో హక్కు పొందిన చార్లెస్ మాకింటాష్ ఆ నగరమువాడే. తారు నుండి తీసిన ద్రావకములో రబ్బరును కరిగించి, రెండు గుడ్డల నడుమ పూసి అతికించుట అతని యుక్తి. ఆ దేశములో ఇంకను వాన కోటును అతని పేరుతోనే పిలుచువారు కలరు. వాన కోటు ఆ నగరమున పుట్టుట చూచి నేను ముందుగానే కొంత జాగ్రత్తపడి యుండవలసినది.

మొదటి రాత్రి లాఖ్ లోమండ్ సరస్సు ఒడ్డున నిలిచితిమి. 'లాఖ్' అనగా ఆ దేశపు పాతభాషయగు గేలిక్‌లో సరస్సు. వాన పడుచున్నదని కిటికీలన్నియు బిగించి పరుంటిమి. తెల్లవారి లేచి చూచునప్పటికి బండి గోడల మీది నుండి నీరు కారుచున్నది. పరుపుల అంచులు తడిసినవి. పైకప్పు కారినదని నా కుమారుడు అద్దెకిచ్చినవారి మీద కోపించెను. నేను వేలితో అద్దము తుడిచి చూపితిని. వాన వెలుపలిది కాదు, లోపలిది. ఆరుగురు మనుష్యులు రాత్రియంతయు విడిచిన ఊపిరిలోని తేమ, ఆరవేసిన కోట్ల తేమ, అన్నము వండిన ఆవిరి, పోవుటకు దారిలేక చల్లని అద్దమునకు తగిలి నీరైనది. అది మొదలు ఎంత వాన కురిసినను పైన ఒక గవాక్షము కొంచెము తెరిచి యుంచితిమి. చలికి గ్యాసు పొయ్యి వెలిగించి మూసిన బండిలో కాచుకొనుట మరియును ప్రమాదము. దానినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగును వాసనయు లేవు. నిద్రలోనే ప్రాణము తీయును. ఈ సంగతి క్యాంపర్ వ్యానుకే గాదు, చలికాలమున తలుపులు మూసి కుంపటి పెట్టుకొను మన ఇండ్లకును వర్తించును.

ఆ అద్దము మీది నీటితోనే పిల్లలకు మొదటి పాఠము చెప్పితిని. అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా నైరుతి నుండి వచ్చు గాలి తేమతో నిండి యుండును. వెచ్చని సముద్ర ప్రవాహమొకటి ఆ తీరమును తాకుచు పోవుటచే ఆ తేమ మరింత హెచ్చు. ఆ గాలికి హైలాండ్స్ కొండలు అడ్డు నిలుచును. గాలి పైకెక్కును, ఎక్కిన కొలది చల్లబడును, చల్లబడిన తేమ అద్దము మీద వలెనే నీరగును. మన పడమటి కనుమలలో జరుగునదియు ఇదియే. అరేబియా సముద్రపు గాలి ఆగుంబే కొండలనెక్కి అక్కడనే కురిసి, దిగునప్పటికి ఎండిపోవును. కావుననే కొండకు ఆవల తూర్పున నున్న బళ్లారి మబ్బు చూచునే గాని వాన చూడదు. హైలాండ్స్ పడమటి కొండలలో సంవత్సరమునకు 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడు తావులు గలవు. తూర్పు తీరమున ఎడింబరో వైపున 700 ప్రాంతమున నిలుచును. "బళ్లారి ఎక్కడున్నది?" అని నా మనుమరాలు ఇంగ్లీషున అడిగెను. చెన్నపట్టణమునకును సంవత్సరమునకు 1,400 మిల్లీమీటర్ల వరకు వాన కలదు గదా యని నా కుమారుడు అడ్డు చెప్పెను. నిజమే. కాని చెన్నపట్టణపు వాన అరువది దినములకు మించని కాలములో కుమ్మరించి పోవును. ఇక్కడిది రెండు వందల దినములకు పైగా కొద్దికొద్దిగా పడుచునే యుండును. ఆగునని వేచియుండువాడు ఇల్లు వెడలనే లేడు.

అప్పుడే పిల్లలకు పని కల్పింపవలెనని తోచినది. అడుగును, అంచును ఒకే వెడల్పు గల బిస్కట్ల డబ్బా యొకటి తీసికొని, ప్రతి రాత్రి బండికి దూరముగా, చెట్టు నీడ లేనిచోట పెట్టి, ఉదయమున కొలబద్దతో లోతు కొలిచి వ్రాయవలెనని నా మనుమరాలికి అప్పగించితిని. డబ్బా చిన్నదైనను పెద్దదైనను గోడలు నిలువుగా నున్నచో లోతు మారదు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు లోతు నీరు నిలిచిన అది సరిగా ఒక లీటరు. మన ఇండ్ల మిద్దెల మీద కూడ పిల్లలు ఇట్లు కొలువవచ్చును, ఖర్చు లేదు. మొదటి ఉదయము కొలత 6 మిల్లీమీటర్లు.

ఆమె తన పుస్తకములో కొలత ప్రక్కన 'రెయిన్' అని వ్రాసికొనెను. అది చూచి నా భార్య, "వాన అంటే ఒకటే వానా తల్లీ?" అని మొదలుపెట్టి, చినుకు, తుంపర, జల్లు, సోన, జడి, ముసురు, గాలివాన, వడగండ్ల వాన, ఎండలో పడు ఎండావాన అని వ్రేళ్ల మీద లెక్కించెను. ఇన్ని పేర్లున్నవని నేను ఎరుగనివాడను గాను. కాని ముప్పది యేండ్ల భూగోళ పాఠములలో ఒక్కనాడును వానిని పిల్లలకు వరుసగా చెప్పినవాడను గాను. మా పాఠములన్నియు 'వర్షపాతము' అను ఒక్క మాటతో సరిపోయినవి. మనుమరాలికి ఇది ఆటగా నచ్చెను. తన బడిలో నేర్చిన స్కాట్లండు మాటలు తానును చెప్పెను: కంటికి కనబడక ముఖమును తడుపు సన్నని వాన 'స్మర్' అట, దినమంతయు వెలుగు రాక మసకగా, చలిగా, తడిగా నుండుట 'డ్రీఖ్' అట. 'స్మర్' ముసురా, సోనయా యని అవ్వకును మనుమరాలికిని పెద్ద వాదము జరిగెను. చివరకు 'స్మర్' సోన యనియు, 'డ్రీఖ్' ముసురు అనియు తీర్పైనది. అవ్వ చెప్పిన మాటలను ఆమె ఆంగ్ల లిపిలో వ్రాసికొనెను. నేను చూచి ఊరకుంటిని.

లాఖ్ లోమండ్ ఒడ్డున దారి ప్రక్కనే, కొండ మీది నుండి దిగు పెద్ద గొట్టములు నాలుగు కనిపించును. పైనున్న స్లాయ్ జలాశయపు నీరు వానిగుండ దిగి విద్యుత్తు పుట్టించును. 1943లో చేసిన చట్టముతో ఉన్నత భూములకు జలవిద్యుత్ సంస్థ ఏర్పడెను; అప్పటి మంత్రి టామ్ జాన్‌స్టన్ దానికి మూలపురుషుడు. స్లాయ్ కేంద్రము 1950లో పనికి వచ్చెను. ఆ కొండ మీదనే 1974 జనవరి 17న ఒక్క దినమున 238 మిల్లీమీటర్ల వాన కురిసినది. స్కాట్లండున ఒక దినమున కొలిచిన వానలో అదియే పెద్దది.

రెండవ దినమున రానక్ మూర్ అను మైదానము దాటితిమి. నేల యనుటకు వీలులేని నేల అది. నల్లని నీటి మడుగులు, వాని నడుమ గడ్డి, నాచు, హెదర్ అను చిన్న పొదలు. కనుచూపు మేర ఇల్లు లేదు. ఎడతెగని వానచే నేలలో నీరు నిలిచి గాలి చొరకుండును. గాలి లేనిచోట చచ్చిన నాచు కుళ్లదు; ఒకదాని మీద నొకటి పేరుకొని 'పీట్' అను నల్లని మట్టి యగును. దానిని ఇటుకలుగా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చెడివారు. పీట్ ఏటికి ఒక మిల్లీమీటరు ప్రాంతమున పెరుగును. "నీ డబ్బాలో నిన్నటి రాత్రి పడిన నీటి మందము పెరుగుటకు ఈ నేలకు ఆరేండ్లు పట్టును" అని చెప్పితిని. మనుమరాలు కొలబద్ద తీసి ఆరు గీతలు చూచుకొని, తన తమ్ముని వయస్సు ఒక గీత తక్కువ అని లెక్క కట్టెను. ఈ మైదానము మీదుగానే 1894లో రైలు దారి వేసిరి. పునాదికి గట్టినేల దొరకకపోగా చెట్ల వేళ్లు, కొమ్మల మోపులు, మట్టి, బూడిద పరిచి, వాని మీద దారిని తేలించిరి. ఆ రైలు నేటికిని నడుచుచున్నది.

ఆ మధ్యాహ్నము గ్లెన్‌కో లోయ చేరితిమి. ఇరువైపుల కొండల మీది నుండి లెక్కకు అందని తెల్లని ధారలు జారుచుండెను. ఎండ కాచిన దినములలో వానిలో సగము కనబడవట. ఆ లోయకు ఒక కథ కలదు. 1692 ఫిబ్రవరి 13న, అతిథులుగా వచ్చి దాదాపు రెండు వారములు ఇండ్లలో అన్నము తినిన సైనికులు, తెల్లవారక మునుపే లేచి తమకు అన్నము పెట్టిన వంశమువారిని 38 మందిని చంపిరి. కోట్లాటలు ఎన్నో జరిగిన దేశములో ఆ ఒక్కటి నేటికిని మానని గాయము వలె నిలిచియున్నది. తినిన ఉప్పు మరచుట యెక్కడనైనను క్షమింపబడదు కాబోలు.

ఆ రాత్రి నిజముగానే పైకప్పు గుడ్డ కారినది. పిల్లల పరుపులు తడిసినవి. నా మనుమడు ఏడ్చెను. నా భార్యకు మోకాళ్ల నొప్పి. నలుగురు పెద్దలము పదడుగుల గదిలో మోకాళ్లు మోకాళ్లు తగులుచుండగా కూర్చుండి, ఈ ప్రయాణము ఎవరి యోచన యని వాదించుకొంటిమి. అది నా యోచన. వాన సన్నగిల్లినదని తలుపు తెరచినంతనే 'మిడ్జి' అను ఆవగింజ కంటె చిన్న దోమలు మబ్బు వలె లోనికి వచ్చినవి. గాలి లేని, తడి గల, ఎండ లేని వేళలే వానికి ప్రీతి. కొద్దిపాటి గాలి వీచినను ఎగురలేవు. కుట్టునవి ఆడవి మాత్రమే. రోగములు తేవు గాని మనుష్యుని ఓర్పును తినివేయును. ఆ యక్షాంశమున జులై నెలలో ప్రొద్దు రాత్రి పది గంటలకు గాని క్రుంకదు గనుక, పిల్లలను చీకటి పేరు చెప్పి నిద్రపుచ్చుటకును వీలులేదు. తెల్లవారిన పిమ్మట బండి అప్పగించి గ్లాస్గోకు తిరిగిపోవుదమని నా కుమారుడు చెప్పెను. నేనును సరే యంటిని.

ఉదయమున డబ్బాలో 14 మిల్లీమీటర్లు. నా మనుమరాలు దానిని వ్రాసికొని, పుస్తకము చూపి, ఇంకను నాలుగు గడులు ఖాళీగా నున్నవనియు, లెక్క మధ్యలో విడువరాదని తాతయే చెప్పెననియు, తాను తిరిగి రాననియు చెప్పెను. పంతులు కొంపకు పంతులే తగులుకొనును. ఫోర్ట్ విలియం ఊరిలో పరుపులు యంత్రములో ఆరబెట్టించి, చిరిగిన కుట్టునకు మైనము పూసిన పట్టీ వేయించి, ముందుకు సాగితిమి.

ఫోర్ట్ విలియం చేరువనే బెన్ నెవిస్ కొండ కలదు. ఎత్తు 1,345 మీటర్లు. బ్రిటన్ దేశమంతటికిని అదియే ఎత్తైన కొండ. మేము దాని అడుగు భాగము మాత్రమే చూచితిమి. నడుము పైన మబ్బు. ఈ కొండ చరిత్రను నేను ఇన్నాళ్లు ఎరుగనందుకు సిగ్గుపడితిని. 1881 వేసవిలో క్లెమెంట్ రాగ్ అను నతడు దినదినము తెల్లవారుజామున లేచి ఆ కొండ యెక్కి, వాతావరణము కొలిచి దిగుచుండెను. 1883లో శిఖరము మీదనే రాతితో వేధశాల కట్టిరి. 1904లో అది మూతపడువరకు, పగలనక రేయనక గంట గంటకు ఒకరు వెలుపలికి పోయి ఉష్ణము, గాలి, వాన కొలిచి వ్రాసిరి. ఏటికి 4,000 మిల్లీమీటర్లకు పైగా వాన అక్కడ నమోదైనది. 1894లో సి.టి.ఆర్. విల్సన్ అను యువకుడు రెండు వారములు పరిశీలకుడుగా నుండుటకు వచ్చెను. మబ్బు మీద సూర్యకాంతి పడినప్పుడు నీడల చుట్టును ఏర్పడు రంగుల వలయములు చూచి మోహించి, తిరిగిపోయిన పిమ్మట గాజు పాత్రలో కృత్రిమముగా మబ్బును పుట్టించుటకు పూనుకొనెను. తేమగాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేసిన చల్లబడి మబ్బగును. ఆ మబ్బులో, కంటికి కనబడని పరమాణు కణములు పోయిన దారి, సన్నని నీటి చుక్కల గీతగా కనబడును. ఆ యంత్రమునకై అతనికి 1927లో నోబెల్ బహుమానము వచ్చెను. మా బండి అద్దము మీద కారిన నీటికిని, నోబెల్ బహుమానమునకును నడుమ నున్న సూత్రము ఒక్కటే యని చెప్పగా, నా కుమారుడు నవ్వెను. రెండు దినములలో అదియే మొదటి నవ్వు.

ఆ ఊరి వెలుపల అల్యూమినియం కర్మాగారము కలదు. దాని వెనుక కొండపై పెద్ద గొట్టములు. 1929 నుండి నడచు ఆ కర్మాగారమునకు విద్యుత్తు కొరకు, దూరపు సరస్సు నుండి బెన్ నెవిస్ కొండల క్రిందుగా 24 కిలోమీటర్ల సొరంగము త్రవ్వి నీరు తెచ్చిరి. అదియును వాన పనియే. ఆ రాత్రి కొలత 19.

నాలుగవ దినమున గ్లెన్‌ఫినన్ వద్ద 21 కమానుల రైలు వంతెనను మంచులో సగము చూచి, మాలెగ్ రేవున ఓడ యెక్కి స్కై దీవికి పోతిమి. ఓడ బండిని కూడ మోయును. దీవిలో దారులు పెక్కు ఒంటి దారులు. ఒక బండికి మాత్రమే చోటు. కొంత కొంత దూరమున తప్పుకొను తావు ఉండును. ఎదుటి బండి వచ్చిన అక్కడ నిలువవలెను. వెనుకవాడు తొందరలో నున్నను నిలిచి దారి యీయవలెను. అక్కడ బండి నిలిపి ఫొటోలు తీయుట, నిద్రించుట తప్పు. స్కాట్లండున 2003 నాటి చట్టముచే ఎవరి కొండ మీదనైనను నడచుటకును, గుడారము వేసికొనుటకును హక్కు కలదు గాని, ఆ హక్కు మోటారు బండికి లేదు. ఇది తెలిసియు మేము ఒక తప్పు చేసితిమి. ఎదుటి బండికి దారి యిచ్చుటకై నా కుమారుడు తప్పుకొను తావు వరకు వెనుకకు పోక, ప్రక్కనున్న పచ్చికలోనికి దిగెను. పచ్చిక క్రింద పీట్. చక్రములు సగము దిగబడినవి. త్రోయుటకు దిగిన నేను మోకాలి వరకు దిగితిని. అప్పుడు కురియుచున్నది సోన కాదు, జడి.

గంట తరువాత ట్రాక్టరు మీద ఒక గొఱ్ఱెల రైతు వచ్చెను. వయస్సు నా యీడు. ప్రక్కన పసుపుపచ్చ కోటులో అతని మనుమరాలు. మాటాడక గొలుసు కట్టి బండిని ఈడ్చి దారి మీద పెట్టెను. డబ్బీయబోగా చేయి అడ్డము పెట్టెను. నా భార్య ఫ్లాస్కులోని టీ యిచ్చెను, అది త్రాగెను. మా మాటలు విని ఏ భాష యని అడిగెను. చెప్పితిమి. మీ పిల్లలు మాటాడుదురా యని అడిగెను. మేము బదులు చెప్పునంతలో తన సంగతి తానే చెప్పెను. అతని తలిదండ్రులు తమలో తాము గేలిక్ మాటాడెడివారట; పిల్లలతో మాత్రము ఇంగ్లీషు. పిల్లలు బాగుపడవలెననియే. ఇప్పుడు ఈ మనుమరాలు బడిలో గేలిక్‌లో చదువుచున్నది. తనకు మరచిన మాట కావలసిన ఆమెనే అడుగును. "మా ఇంట భాష ఒక మెట్టు దాటి దిగినది, ఆ మెట్టు మీద నిలిచినవాడను నేను" అనెను.

ఆ బాలిక వాన వైపు చేయి చూపి 'ఉష్కె' అనెను. గేలిక్‌లో నీటికిని వానకును అదియే మాట. విస్కీ అను పేరును ఆ మాటనుండియే పుట్టినది. బదులుగా నా మనుమరాలు 'వాన' అనెను. అంతటితో ఆగక 'జడి' అని సరిదిద్దెను.

ఆ దీవి గతమును కొంత చెప్పనిదే ఆ రైతు మాట అర్థము కాదు. మేము దాటిన లోయలలో పైకప్పు లేని రాతి గోడలు చాల చూచితిమి. 18వ శతాబ్ది చివరి నుండి నూరేండ్ల వరకు భూస్వాములు గొఱ్ఱెల పెంపకమునకై కౌలుదార్లను ఇండ్ల నుండి తొలగించిరి. పెక్కుమంది కెనడాకును, ఇతర దేశములకును ఓడలెక్కిరి. 1872లో వచ్చిన విద్యా చట్టము బడులు పెట్టించెను గాని గేలిక్‌కు అందు చోటు చూపలేదు. 1901 జనాభా లెక్కలలో రెండు లక్షలకు పైగా నున్న గేలిక్ వారు ఆ శతాబ్దము ముగియునప్పటికి దాదాపు నాలుగవ వంతునకు దిగిరి. 1973లో ఈ స్కై దీవిలోనే, పాత కొట్టమొకటి బాగుచేసి గేలిక్ కళాశాల పెట్టిరి. దాని పేరునకు అర్థమే 'పెద్ద కొట్టము'. 1985లో గ్లాస్గోలోను, ఇన్వర్నెస్‌లోను గేలిక్ మాధ్యమపు తరగతులు మొదలైనవి. 2022 లెక్కలలో ఆ భాష కొంతైనను తెలిసినవారు 1,30,000 మంది. ఆ సంఖ్యలో ఎందరు ఇంటిలో మాటాడుదురు, ఎందరు బడిలో మాత్రమే మాటాడుదురు అనునది వేరు ప్రశ్న. మన సభలలో మనము వేసికొను ప్రశ్నయే అది.

దారి పొడుగున ఊరి పేర్లు రెండు భాషలలో వ్రాసి యుండును. చదువ నేర్చిన పిమ్మట అవి పాఠముల వలె నుండును. 'గ్లెన్' లోయ, 'బెన్' కొండ, 'ఇన్వర్' నది సముద్రమును చేరుచోటు, 'కైల్' జలసంధి, 'బాల్' ఊరు. మన చెరువు, కుంట, పల్లి, పాడు వంటివే. భాష ఎరుగనివారు పేరును పలుకుదురు గాని నేలను చదువలేరు.

స్కైలో ఆ రాత్రి డబ్బాలో 22. మా బండి పైకప్పు సుమారు పది చదరపు మీటర్లు. 220 లీటర్ల నీరు మా తలల మీద పడినదని, మా నీటి తొట్టి నాలుగు పర్యాయములు నిండి మిగులునని మనుమరాలు లెక్క కట్టెను. 1995లో తెరచిన వంతెన మీదుగా దీవి విడిచి, ఉత్తరమున నున్న అల్లాపూల్ రేవు చేరితిమి.

అక్కడ రేవు గట్టున ఓడ యొకటి నిలిచియుండెను. స్టార్నవే పోవు ఓడ. ఆ పేరు చదివి నేను వానలో నిలుచుండిపోతిని. మన గ్రామముల కైఫీయతులు వ్రాయించిన కర్నల్ కాలిన్ మెకంజీ పుట్టినది ఆ ఊరిలోనే. అక్కడ సుంకపు ఉద్యోగము చేసి, 1783లో మన దేశమునకు వచ్చి, మైసూరు రాజ్యమును సర్వే చేసి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ ఆయెను. 1821లో ఇక్కడనే మరణించెను. ఏలూరివారగు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు లేనిచో అతని పని సాగెడిది కాదు. వారిని గూర్చి మన పిల్లలకు చెప్పువారు తక్కువ. ఆ కైఫీయతులలో ఏ చెరువును ఎవరు త్రవ్వించిరో, ఏ తూము ఎవరు కట్టించిరో పుటలు పుటలుగా నుండును. నీరు ఎక్కువై ఊరు వదలు దీవిలో పుట్టినవాడు, వానచుక్కను నిలుపుకొన్న వారి పేర్లు వెదకించి వ్రాయించెను. మా ఓడ కాదు గనుక మేము పోలేదు. కూత వేసి మంచులో కలిసిపోవువరకు చూచితిమి. ఆ రాత్రి కొలత 9.

ఆరవ దినమున తూర్పుగా 90 కిలోమీటర్లు నడచి ఇన్వర్నెస్ చేరితిమి. దారిలో కొండలు తగ్గినవి, మబ్బు చిరిగినది, బార్లీ పైరు కనిపించెను. మధ్యాహ్నము ఎండ కాచెను. నా భార్య పరుపులు, కంబళ్లు, కోట్లు అన్నియు కంచె మీద ఆరవేసెను. ఆ మైదానములోని తెల్లవారు ఆ బట్టల వరుసను చూచి మెచ్చుకొనిరో, నవ్వుకొనిరో తెలియదు. మనుమరాలు ఎప్పటివలె డబ్బా పెట్టెను.

ఏడవ ఉదయము ఆమె నన్ను లేపి, డబ్బా తెచ్చి నా ముఖము వద్ద పెట్టెను. అడుగున తేమ కూడ లేదు. ఆమె ముఖములో నిరాశ లేదు. "తాతా, ఇది బళ్లారి" అనెను. తెలుగులోనే అనెను. తన పుస్తకములో సున్న చుట్టి, క్రింద మొత్తము 70 అని వ్రాసికొనెను.

ఆ డబ్బా ఇప్పుడు గ్లాస్గోలో వారి ఇంటి వెనుక గోడ మీద నున్నది. ఆదివారము నాడు ఫోనులో అవ్వకు కొలత చెప్పును. ముందు వాన పేరు, తరువాత అంకె. అంకె ఇంగ్లీషులోనే వచ్చుచున్నది. మొన్నటి వారము 'స్మర్' సోన కాదు, తుంపర యని మరల వాదము లేవదీసెను. అది ఇంకను తెగలేదు.